విల్లుబండి నుండి కొండజీపు వరకు: స్ప్రింగుల చరిత్ర

మానవుడు తయారు చేసుకొన్న మొట్టమొదటి స్ప్రింగు విల్లు. వేటగాడు నారి లాగినప్పుడు అతని కండబలం వంగిన కర్రలో దాగి ఉంటుంది. నారి వదలగానే ఆ బలమే బాణంతో బయటికి పోతుంది. పుచ్చుకొన్న బలాన్ని కొంతసేపు తనలో దాచుకొని తిరిగి ఇచ్చివేయుటయే స్ప్రింగు చేసే పని. అందుచేతనే బండి ఇరుసు మీద ఉక్కు పట్టీలు అమర్చినప్పుడు మనవారు దానిని విల్లుబండి అన్నారు. లారీ క్రింద ఉండే పట్టీల కట్టను మెకానిక్కులు నేటికీ కమానుకట్ట అంటారు. కమాను అనగా పారసీక భాషలో విల్లే. పేర్లు రెండు భాషలవి అయినా పోలిక ఒక్కటే.

విల్లు కంటె మనకు దగ్గర బంధువు కావడి. కావడి మోసేవాడు అడుగు వేసినప్పుడల్లా బద్ద వంగి లేస్తూ ఉంటుంది. భుజం పైకి లేచినా బరువు దాదాపు ఒకే ఎత్తున సాగిపోతుంది. రాజర్ క్రామ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 1991లో ఈ విషయం కొలిచి చూచినాడు. బాగా వంగే పొడవైన బద్దతో బరువు మోసినప్పుడు మనిషి ఖర్చుపెట్టే శక్తి తగ్గలేదు గాని, భుజం మీద పడే తాకిడి చాల తగ్గినట్లు తేలినది. బద్ద తనంతట తాను ఊగే వేగం అడుగుల వేగం కంటె తక్కువగా ఉండుటయే దీనికి కారణం. మోటారు వాహనాల స్ప్రింగులకు కూడ మూలసూత్రం ఇదే. బాట కుదుపుల కంటె బండి ఊపు నెమ్మదిగా ఉండాలి.

ఈ సూత్రం పుస్తకంలో చదువుటకు సులభం. ఆచరణలో ఎంత కష్టమో తెలియవలెనంటే విశాఖపట్టణం వంటి చోటు మరొకటి లేదు. ఒకవైపు 1933లో తెరచిన ఓడరేవు, దానికి ఖనిజం దించే రైలుదారి. మరొకవైపు ఉక్కు నగరం. వెనుక అనంతగిరి, అరకు, పాడేరు కొండలు, అక్కడి రాళ్ళబాటల మీద మనుషులతో నిండి నడిచే జీపులు. టన్నులకొద్దీ ఖనిజమైనా, సంతకు పోయే గిరిజనులైనా, ఆస్పత్రికి చేర్చవలసిన గర్భిణి అయినా, ఎగుడుదిగుడు దారిలో క్షేమంగా దించుటయే ప్రశ్న.

సాగిన కొలది బలం

స్ప్రింగు గుణాన్ని లెక్కకు తెచ్చినవాడు ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్. అతడు తన సూత్రాన్ని 1676లో అక్షరాలు తారుమారు చేసి పొడుపుకథగా అచ్చు వేయించి, 1678లో విప్పి చెప్పినాడు. స్ప్రింగు ఎంత సాగితే అంత బలం చూపుతుందన్నదే దాని తాత్పర్యం. 25 కిలోల బరువుకు ఒక సెంటీమీటరు అణగే స్ప్రింగు 50 కిలోలకు రెండు సెంటీమీటర్లు అణగుతుంది.

హుక్ సూత్రం నుండి గొప్ప ఫలితం ఒకటి వస్తుంది. బరువు పెట్టినప్పుడు స్ప్రింగు ఎన్ని సెంటీమీటర్లు అణగిందో తెలిస్తే చాలు, ఆ బండి నిమిషానికి ఎన్నిసార్లు ఊగుతుందో చెప్పవచ్చు. 6 సెంటీమీటర్లు అణగితే సెకనుకు సుమారు రెండు ఊపులు. 11 సెంటీమీటర్లకు ఒకటిన్నర. సెకనుకు ఒకే ఊపు కావలెనంటే దాదాపు 25 సెంటీమీటర్లు అణగాలి. మెత్తదనం ఊరకే రాదు. దానికి చోటు కావాలి. పొడవైన కదలిక గల స్ప్రింగుల కథ అంతా ఈ ఒక్క వాక్యంలో ఉన్నది.

ఎద్దుబండికి ఈ చోటు లేదు. ఇరుసు మీదనే బండి చట్రం కూర్చుంటుంది. నడక వేగానికి అది చాలు. గుర్రాలు కట్టి వేగంగా పోవలసి వచ్చిన ఐరోపా బండ్లకు చాలలేదు. 1804లో లండను నగరంలో ఒబడయ్యా ఎలియట్ అనే బండ్ల తయారీదారు ఉక్కు పట్టీలను ఒకదానిపై ఒకటి పేర్చి, రెండు విల్లులను ఎదురెదురుగా బిగించినట్లు దీర్ఘవృత్తాకారపు స్ప్రింగులు చేసి పేటెంటు పొందినాడు. బండి తేలికపడినది. రైలుబండ్లూ, తరువాత మోటార్లూ ఈ పట్టీలనే వారసత్వంగా పుచ్చుకొన్నవి.

పట్టీల కట్టలో ఒక రహస్యమున్నది. కట్ట వంగినప్పుడల్లా పట్టీలు ఒకదానితో ఒకటి రాసుకొంటాయి. ఆ రాపిడి ఊపును కొంత మ్రింగివేస్తుంది. కమానుకట్ట ఒకే సమయంలో స్ప్రింగూ, దాని కళ్ళెమూ కూడ. ఇరుసును అటూ ఇటూ పోకుండ పట్టుకొనే పని కూడ అదే చేస్తుంది. మూడు పనులు ఒకే వస్తువుతో జరుగుతున్నందుననే రెండు శతాబ్దాలు గడచినా లారీలు దానిని వదలలేదు. కాని ఈ రాపిడి లెక్కకు లొంగదు. తుప్పు పట్టితే పట్టీలు బిగుసుకొంటాయి, నూనె పడితే జారుతాయి. చిన్న గతుకులకు కట్ట అసలు కదలక, గతుకును నేరుగా కూర్చున్నవాని వెన్నుకు అందిస్తుంది.

ఊపుకు కళ్ళెం

మోటారు వేగం పెరిగిన కొలది ఊపును ఆపుటకు వేరే సాధనం అవసరమైనది. ఫ్రాన్సులో ట్రుఫో అనే అతడు 1898 ప్రాంతంలో సైకిలుకు రాపిడి బిళ్ళలతో ఒక సాధనం చేసినాడు. అమెరికాకు చెందిన ఎడ్వర్డ్ హార్ట్‌ఫర్డ్ ఆ హక్కులు పొంది 1904 నాటికి దానిని మోటారు కార్లకు అమర్చినాడు. తరువాత మరొక ఫ్రెంచివాడు మోరిస్ హుడాయ్ రాపిడికి బదులు నూనెను వాడినాడు. సన్నని రంధ్రం గుండా నూనెను నెట్టుట కష్టం. ఎంత వేగంగా నెట్టితే అంత ఎక్కువగా అది ఎదురు తిరుగుతుంది. మెల్లని కదలికకు మెల్లని అడ్డు, వేగానికి గట్టి అడ్డు. పొడి రాపిడికి లేని ఈ వివేకం నూనెకు ఉన్నది. 1908 నుండి 1927 వరకు తయారైన ఫోర్డు మోడల్-టి కారు షాకబ్సార్బర్లు లేకుండానే కర్మాగారం నుండి వచ్చేది. దాని తరువాత వచ్చిన మోడల్-ఎ కారుకు హుడాయ్ సాధనాలు బిగించినారు.

షాకబ్సార్బరు అనే పేరు కొంత తప్పుదారి పట్టిస్తుంది. గతుకు దెబ్బను మొదట తీసుకొనేది స్ప్రింగు. ఆ స్ప్రింగు తిరిగి ఎగరకుండ, దాచుకొన్న శక్తిని నూనెలో వేడిగా మార్చేది షాకబ్సార్బరు. రాళ్ళబాటలో గంటసేపు నడచిన జీపు షాకబ్సార్బరు గొట్టాన్ని తాకిచూస్తే చేయి కాలుతుంది. వేడెక్కిన నూనె పలుచబడుతుంది, గాలితో కలిసి నురుగు కడుతుంది. నురుగు రంధ్రం గుండా సులభంగా జారిపోతుంది గనుక అడ్డు తగ్గిపోతుంది. ఫ్రాన్సులో బూర్సియే ద కార్బన్ అనే ఇంజనీరు 1953 ప్రాంతంలో దీనికి విరుగుడు చూపినాడు. గొట్టంలో నూనెనూ, ఒత్తిడితో నింపిన నత్రజనినీ తేలియాడే ముషలకంతో వేరు చేసినాడు. ఒత్తిడిలో ఉన్న నూనె నురుగు కట్టదు.

జీపు వచ్చినది

1940లో అమెరికా సైన్యం తేలికపాటి నాలుగు చక్రాల చోదక వాహనం కావలెనని కోరినది. 1941లో విల్లిస్ కంపెనీ జీపు సైన్యానికి అందినది. నాలుగు చక్రాలకూ కమానుకట్టలు, వాటితో గొట్టపు షాకబ్సార్బర్లు. ఎక్కడ విరిగినా కమ్మరి సాయంతో బాగుచేయదగిన సాదా అమరిక. యుద్ధానంతరం మన దేశంలో, 1945లో ఉక్కు వ్యాపారంగా మొదలైన మహీంద్ర సంస్థ, 1940ల చివరిలో బొంబాయిలో విల్లిస్ జీపుల బిగింపు చేపట్టినది. తూర్పు కనుమల ఏజెన్సీలో నాలుగు చక్రాల వాహనమంటే జీపే అయినది. సర్వీసు జీపుగా అది పాడేరు, అరకు ప్రాంతాలలో బస్సు పోని గ్రామాలకు బస్సు పని చేసినది.

కాని ఆ కమానుకట్టల కదలిక స్వల్పం. బండ మీదికి ఒక చక్రం ఎక్కితే ఎదుటి చక్రం గాలిలో నిలుస్తుంది. గాలిలో ఉన్న చక్రం ఊరకే తిరుగుతుంది గాని బండిని లాగదు. చక్రాలన్నీ నేలను అంటియుండవలెనంటే ఒక్కొక్కటి బాగా పైకీ క్రిందికీ కదలాలి. దీర్ఘచలన స్ప్రింగుల అవసరం ఇక్కడ పుట్టినది.

ఈ దారిలో మొదట నడచినవారు పరుగుపందెగాళ్ళు కారు, వ్యవసాయదారుల కోసం ఆలోచించినవారు. ఫ్రాన్సులో సిత్రోయెన్ సంస్థ అధిపతి బూలాంజే 1930 దశాబ్దంలో తన ఇంజనీర్లకు పెట్టిన షరతు ప్రసిద్ధమైనది. ఇద్దరు రైతులనూ, 50 కిలోల ఉర్లగడ్డలనూ ఎక్కించుకొని దున్నిన పొలం దాటినా బుట్టలోని గ్రుడ్డు పగలరాదు. ఆ కారు 1948లో వెలువడినది. అదే కాలంలో జర్మనీలో పొలం పనులకై పుట్టిన ఉనిమోగ్ వాహనం కమానుకట్టలను విడిచి చుట్టస్ప్రింగులను చేపట్టినది. 1970లో ఇంగ్లండులో వెలువడిన రేంజ్ రోవర్ నాలుగు చక్రాలకూ పొడవైన చుట్టస్ప్రింగులు అమర్చి, కొండబాటకు తగినది రహదారికి కూడ సుఖమేనని చూపినది. దాని అన్నగారైన ల్యాండ్ రోవర్ 1983లో గాని ఆ దారికి రాలేదు.

మోటారుసైకిళ్ళలో మార్పు ఇంకా వేగంగా జరిగినది. బెల్జియం దేశస్థుడు లూసియన్ తిల్కెన్ ఆలోచనతో యమహా సంస్థ 1973లో వెనుక చక్రానికి ఒకే పొడవైన షాకబ్సార్బరు గల పందెపు బండిని దించినది. 10 సెంటీమీటర్లుగా ఉండిన చక్రాల కదలిక పది సంవత్సరాలలో 30 సెంటీమీటర్లకు చేరినది. 1967లో మొదలైన మెక్సికో ఎడారి పందెాలు నూనె కొరకు ప్రత్యేకపు బయటి డబ్బాలు గల పెద్ద షాకబ్సార్బర్లకు పరీక్షాస్థలాలైనవి. మన దేశంలో 2010లో వచ్చిన మహీంద్ర థార్‌కు వెనుక కమానుకట్టలే ఉండేవి. 2020లో వచ్చిన కొత్త థార్‌కు వెనుక కూడ చుట్టస్ప్రింగులు వచ్చినవి.

చుట్టస్ప్రింగులో పట్టీల రాపిడి లేదు. గనుక అది చిన్న గతుకుకు కూడ కదలుతుంది, తగిన షాకబ్సార్బరు లేనిచో ఆగక ఊగుతుంది. ఇరుసును పట్టుకొనుటకు వేరే కడ్డీలు కూడ కావాలి. కమానుకట్ట ఒంటరిగా చేసిన మూడు పనులకు ఇప్పుడు ముగ్గురు పనివాళ్ళు.

ఖనిజపు రైలుబండి

ఇదే కథ రైలు పట్టాల మీద కూడ జరిగినది. బైలదిల్లా ఖనిజాన్ని జపానుకు పంపుటకు 1960లో ఒప్పందం కుదిరినది. దాని ఫలితంగా కొత్తవలస నుండి కిరండూలుకు సుమారు 445 కిలోమీటర్ల రైలుదారి తూర్పు కనుమలను తొలుచుకొంటూ 1960 దశాబ్దంలోనే వెలసినది. షిమిలిగుడ వద్ద ఆ దారి సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తు చేరుతుంది. అక్కడి నుండి నిండు బండి సముద్రం వైపు దిగాలి.

1980ల నుండి మన రైల్వేలు వాడుతున్న బాక్స్-ఎన్ వ్యాగను ఖాళీగా దాదాపు 22.5 టన్నులు, నిండితే దాదాపు 81.3 టన్నులు తూగుతుంది. మూడున్నర రెట్లకు పైగా భేదం. నిండుబరువుకు తగిన గట్టి స్ప్రింగు ఖాళీ వ్యాగనుకు కొయ్యముక్కతో సమానం. ఖాళీకి తగిన మెత్తని స్ప్రింగు నిండుబరువుకు పూర్తిగా అణగిపోతుంది. ఈ వ్యాగన్ల క్రింద ఉండే కాస్నబ్ బోగీలో పొడవైన కదలిక గల చుట్టస్ప్రింగులను గుత్తిగా అమర్చినారు. నూనెకు బదులు ఉక్కు సీలలు రాపిడితో ఊపును ఆపుతాయి. బరువు పెరిగిన కొలది సీల గట్టిగా నొక్కుకొంటుంది, రాపిడి కూడ పెరుగుతుంది. ఖాళీకి కొద్ది కళ్ళెం, నిండుబండికి గట్టి కళ్ళెం. కమానుకట్టలో లెక్కకు లొంగని ఆ రాపిడినే ఇక్కడ లెక్కలో కట్టిపడవేసినారు.

ఎన్నిక ఎట్లు చేయవలెను?

కొండజీపుకు స్ప్రింగు ఎన్నుకొనుటలో మొదటి మెట్టు తూకం. ఒక్కొక్క చక్రం మీద పడే బరువు తూచి, స్ప్రింగు క్రింద ఉండే చక్రం, ఇరుసు బరువు తీసివేయాలి. ఒక చక్రానికి 400 కిలోలు మిగిలినవనుకొందాం. సెంటీమీటరుకు 50 కిలోల గట్టి స్ప్రింగు వేస్తే 8 సెంటీమీటర్లు అణగుతుంది, నిమిషానికి సుమారు 106 ఊపులు. సెంటీమీటరుకు 25 కిలోల మెత్తని స్ప్రింగు 16 సెంటీమీటర్లు అణగుతుంది, నిమిషానికి సుమారు 75 ఊపులు. రెండవది సుఖం.

ఇప్పుడు ఆ చక్రం వైపు ముగ్గురు మనుషులు, అనగా 200 కిలోలు, ఎక్కినారు. గట్టి స్ప్రింగు ఇంకా 4 సెంటీమీటర్లు దిగుతుంది. మెత్తనిది 8 సెంటీమీటర్లు. అణగుటకు మొదట మిగిలియున్న చోటు 12 సెంటీమీటర్లయితే, మెత్తని స్ప్రింగుకు ఇక మిగిలినది 4 మాత్రమే. మొదటి గోతికే ఇరుసు రబ్బరు దిమ్మను గ్రుద్దుకొంటుంది. ఆ క్షణంలో ఎంత మెత్తని స్ప్రింగైనా లేనట్లే. మెత్తని స్ప్రింగు కావలెనన్నవాడు 20 సెంటీమీటర్ల చోటు ఇవ్వాలి, లేదా మనుషులను తక్కువ ఎక్కించాలి. ఏజెన్సీ జీపులవాళ్ళు కమానుకట్టకు అదనపు పట్టీలు చేర్చుటలో ఉన్న తర్కమిదే. దాని మూల్యం ఖాళీగా వచ్చే తిరుగుప్రయాణంలో నడుములు చెల్లిస్తాయి. బరువు పడినప్పుడు మాత్రమే తాకే సహాయపు పట్టీలు, అణగిన కొలది గట్టిపడే రెండంచెల చుట్టస్ప్రింగులు ఇందుకు మధ్యేమార్గం.

రెండవ మెట్టు షాకబ్సార్బరు. ఊపు పూర్తిగా ఆగిపోయే కళ్ళెంలో నాలుగోవంతు నుండి మూడోవంతు వరకు సాధారణంగా చాలు. అంతకు మించితే చక్రం నేలను అనుసరించలేదు, తక్కువైతే బండి ఊయల అవుతుంది. స్ప్రింగు తిరిగి లేచేటప్పుడు అడ్డు ఎక్కువగానూ, అణగేటప్పుడు తక్కువగానూ ఉంచుతారు. గొట్టం పొడవు స్ప్రింగు కదలికకు సరిపోవాలి. చక్రం పూర్తిగా పైకి వచ్చినప్పుడు రబ్బరు దిమ్మకంటె ముందు షాకబ్సార్బరు తాకితే దాని కడ్డీ వంగుతుంది. పూర్తిగా దిగినప్పుడు పొడవు చాలకుంటే కొక్కెం తెగుతుంది. బ్రేకు గొట్టం పొడవునూ, చోదకదండం కోణాన్నీ కూడ ఆ రెండు స్థితులలోనే చూడాలి.

మూడవ మెట్టు ఎత్తు. పొడవైన స్ప్రింగు వేస్తే బండి పైకి లేస్తుంది. చక్రాల మధ్య దూరం 140 సెంటీమీటర్లు, బరువుకేంద్రం 70 సెంటీమీటర్ల ఎత్తున ఉన్న జీపు లెక్కప్రకారం 45 డిగ్రీల వాలుకు గాని పడిపోదు. బరువుకేంద్రం 10 సెంటీమీటర్లు పెరిగితే ఆ కోణం 41 డిగ్రీలకు దిగుతుంది. స్ప్రింగుల వాలూ, మలుపు వేగమూ కలిస్తే నిజమైన హద్దు ఇంకా తక్కువ. టాపు మీద కూర్చున్న ప్రతి మనిషీ బరువుకేంద్రాన్ని మరికొంత పైకి లాగుతాడు. ఘాటురోడ్డు మలుపులో లోయవైపు ఈ నాలుగు డిగ్రీలే ప్రాణాలు. గనుక కదలిక ఎంత పొడవుగా ఉండాలో అంత, బండి ఎంత తక్కువ ఎత్తున ఉండగలదో అంత. ఈ రెండింటి మధ్య పొందికయే మంచి ఎన్నిక.

ఉక్కు ఓర్పు

ఎంత లెక్క కట్టినా చివరకు నిలబడవలసినది ఉక్కు. స్ప్రింగు ఒక్క పెద్ద దెబ్బకు విరుగుట అరుదు. లక్షల చిన్న దెబ్బలకు అలసి విరుగుతుంది. లోహపు అలసటను క్రమంగా పరీక్షించినవాడు జర్మను రైల్వే ఇంజనీరు ఆగస్ట్ వోలర్. 1850, 60 దశాబ్దాలలో అతడు రైలు ఇరుసుల మీద ఈ పరిశోధన జరిపినాడు. స్ప్రింగు ఉక్కులో సుమారు అరశాతం పైచిలుకు కర్బనం, దానితో సిలికనో క్రోమియమో మాంగనీసో ఉంటాయి. దానిని సుమారు 850 డిగ్రీలకు కాల్చి నూనెలో ముంచి, తిరిగి సుమారు 450 డిగ్రీలకు వేడిచేస్తారు. అప్పుడు గట్టిదనమూ ఓర్పూ కలిసి వస్తాయి. తరువాత చిన్న ఉక్కు గుండ్లను వర్షంలా కురిపించి పైచర్మాన్ని నొక్కుతారు. నొక్కబడిన చర్మంలో పగుళ్ళు తెరచుకొనవు. అమెరికాలో జాన్ ఆల్మెన్ 1930, 40 దశాబ్దాలలో ఈ పద్ధతికి కొలత ఏర్పరచినాడు. తుప్పు గుంటలు పడిన స్ప్రింగుకు ఈ రక్షణ పోతుంది. ఉప్పుగాలి వీచే విశాఖ తీరంలో ఇది గుర్తుంచుకొనదగినది. వెల్డింగు చేసి అతికిన కమానుపట్టీ కూడ నమ్మదగినది కాదు. ఏలనగా అతుకు వేడికి దాని పదును పోతుంది.

ఉక్కు కోసం తెలుగువారు 1966లో ఉద్యమించినారు. ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు కోల్పోయినారు. 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో విశాఖ ఉక్కు కర్మాగారం జాతికి అంకితమైనది. దేశంలో సముద్రతీరాన వెలసిన మొదటి సమగ్ర ఉక్కు కర్మాగారం అదే. బైలదిల్లా నుండి కొండలు దిగివచ్చే ఖనిజం స్ప్రింగుల మీద ఊగుతూ వచ్చి ఇక్కడ కొలిమిలో కరిగి కడ్డీలుగా, తీగచుట్టలుగా మారుతుంది. చుట్టస్ప్రింగు పుట్టుక కూడ ఒక గుండ్రని కడ్డీతోనే.

ఈ నగరానికి నూరు కిలోమీటర్లకు కొంచెం ఎడంగా ఉన్న కొండలలో నేటికీ రోడ్డు లేని గూడేలున్నవి. అక్కడ రోగిని డోలీలో కట్టి ఇద్దరు మనుషులు మోసుకొనిపోవలసి వస్తున్నది. 2018లో 108 అంబులెన్సులకు తోడుగా గిరిజన ప్రాంతాలలో మోటారుసైకిలు అంబులెన్సులు ప్రవేశపెట్టినారు. కూర్చున్న మనిషి శరీరానికి పైకీ క్రిందికీ పడే కుదుపులలో సెకనుకు 4 నుండి 8 వరకు ఉండేవి అన్నిటికంటె ఎక్కువ బాధాకరమని 1974 నుండి అంతర్జాతీయ ప్రమాణం చెప్పుచున్నది. రాళ్ళబాట మీద గట్టి స్ప్రింగుల బండి అట్టి కుదుపులను రోగికి నేరుగా అందిస్తుంది. డోలీ బద్ద నెమ్మదిగా వంగి లేస్తూ వాటిని మ్రింగుతుంది. అందుచేత డోలీకి బదులు వచ్చే వాహనం డోలీ కంటె వేగమైనదైతే చాలదు, దాని అంత మెత్తనిది కూడ కావాలి. ఎక్కే బరువు తెలిసి, కదలికకు చోటు ఇచ్చి, ఊపుకు తగిన కళ్ళెం వేసినప్పుడే అది సాధ్యమవుతుంది. రోడ్డు వచ్చేవరకు ఆ భారం స్ప్రింగుదే. రోడ్డు వచ్చిన తరువాత కూడ దాని పని తేలికపడుతుందే గాని తీరిపోదు.